బ్యాట్‌మ్యాన్ కంటే ఆ ఇద్దరు దొంగలే నచ్చిన కథ

అమెరికాలో 1993 జనవరి 18న టీవీలో మొదటిసారి ప్రసారమైన 'హార్లీ అండ్ ఐవీ' అనే కార్టూన్ ఎపిసోడ్ గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. అది 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్'లో ఒక భాగం. కథ రాసినవాడు పాల్ డీనీ, దర్శకుడు బాయిడ్ కిర్క్‌లాండ్, నిడివి 22 నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది. పేరుకు బ్యాట్‌మ్యాన్ కథే అయినా, ఇందులో బ్యాట్‌మ్యాన్ పక్కకు జరిగి నిలబడతాడు, ఇద్దరు ఆడ దొంగలు మొదటి నుంచి చివరి దాకా కథను నడిపిస్తారు. వాళ్లు మంచివాళ్లుగా మారరు, పశ్చాత్తాపపడరు, దోచిన సొమ్మును పేదలకు పంచరు. అయినా కథ ముగింపుకు వచ్చేసరికి వాళ్లు పోలీసులకు దొరకకుండా పోతే బాగుండునని మనసులో ఒక కోరిక పుడుతుంది. నల్లగొండలోని మా ఇంట్లో దీన్ని చూసిన అందరికీ, ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా రాని మా అమ్మతో సహా, అదే కోరిక పుట్టింది. అందుకు కారణం వాళ్ల సాహసమో, తెలివో, అందమో కాదని, వాళ్లు ఒకరి బాగోగులు ఒకరు అరుసుకునే తీరేనని నా నమ్మకం.

ఈ సీరియల్ సంగతి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ అనే ఇద్దరు కళాకారులు రూపకల్పన చేసిన ఈ సీరియల్ 1992 సెప్టెంబరు 5న ఫాక్స్ సంస్థ పిల్లల కార్యక్రమాల్లో మొదలైంది. అందరూ తెల్ల కాగితం మీద రంగులు వేస్తే వీళ్లు నేపథ్య చిత్రాలను నల్ల కాగితం మీద వేయించారు. అందువల్ల బ్యాట్‌మ్యాన్ ఉండే గోథమ్ నగరంలో వెలుతురు ఎక్కడ పడాలో అక్కడ మాత్రమే పడుతుంది, మిగిలినదంతా చీకటిగానే ఉండిపోతుంది. పిల్లల కార్టూన్ అంటే కళ్లు జిగేల్‌మనే రంగులు ఉండి తీరాలనుకునే కాలంలో అది పెద్ద సాహసమే. అంత చీకటి నగరంలో, అంత గంభీరమైన కథానాయకుడి పక్కన హాస్యం పండించడం తేలిక కాదు. హాస్యం కొంచెం ఎక్కువైతే నగరం బొమ్మల కొలువులా తేలిపోతుంది, తక్కువైతే నవ్వు రాదు. ఈ ఎపిసోడ్ ఆ కొలతను ఎక్కడా తప్పలేదు.

హార్లీ క్విన్ పాత్ర పుట్టుకే ఒక ముచ్చట. నేడు ప్రపంచమంతా ఎరిగిన ఈ పాత్ర కామిక్ పుస్తకాల్లో పుట్టలేదు, ఈ సీరియల్‌లోనే పుట్టింది. 1992 సెప్టెంబరు 11న వచ్చిన 'జోకర్స్ ఫేవర్' అనే ఎపిసోడ్‌లో బ్యాట్‌మ్యాన్ బద్ధశత్రువు జోకర్ ముఠాకు ఒక ఆడమనిషి కావలసి వచ్చింది, ఆ ఒక్క కథకోసం డీనీ ఆమెను సృష్టించాడు. తనతో కాలేజీలో చదివిన నటి ఆర్లీన్ సోర్కిన్ ఒక టీవీ ధారావాహికలోని కల సన్నివేశంలో విదూషకుడి వేషం వేయడం చూసి అతనికి ఆ ఆలోచన వచ్చిందట. ఆ గాత్రాన్ని కూడా ఆమె చేతనే ఇప్పించారు. గొంతులో కొంచెం ముక్కుపట్టు, అందులో అల్లరి, అల్లరి కింద తొణికిసలాడే దిగులు, ఇవన్నీ ఆమె ఇచ్చినవే. ఒక్కసారి వచ్చి పోవలసిన మనిషి మళ్లీ మళ్లీ వచ్చింది, 1993లో కామిక్ పుస్తకాల్లోకీ అడుగుపెట్టింది. ఆర్లీన్ సోర్కిన్ 2023 ఆగస్టులో కన్నుమూశారన్న వార్త చదివిన రోజు రాత్రి నేను ఈ ఎపిసోడ్‌నే పెట్టుకొని చూశాను.

పాయిజన్ ఐవీ వయసులో చాలా పెద్ద పాత్ర. ఆమె 1966లోనే కామిక్ పుస్తకాల్లోకి వచ్చింది. అసలు పేరు పమేలా ఐస్లీ, చదువు వృక్షశాస్త్రం. ఈ సీరియల్‌లో ఆమె మొదటిసారి కనిపించిన కథలో, జైలు కట్టడం కోసం నేల తవ్వించి ఒక అరుదైన అడవి గులాబీ జాతిని నాశనం చేయబోయాడన్న కోపంతో ఒక ప్రభుత్వ న్యాయవాదిని ముద్దులోని విషంతో చంపబోతుంది. మొక్కల మీద అంత ప్రేమ, మనుషుల మీద అంత అసహ్యం ఉన్న మనిషి ఆమె. డయాన్ పర్షింగ్ గొంతులో ఆమె మాటలు నిదానంగా, ఎవరి దయా అక్కరలేనట్టు వినిపిస్తాయి. ఎదుటివారి దయ కోసం ప్రాణం పెట్టే హార్లీని, ఎవరి దయా అక్కరలేని ఐవీని ఒకే కారులో కూర్చోబెట్టడమే ఈ కథలోని మొదటి తెలివైన పని.

కథ జోకర్, హార్లీలు దొంగతనం చేసి కారులో పారిపోతుండగా మొదలవుతుంది. వెనక బ్యాట్‌మ్యాన్ తరుముకొస్తుంటాడు. పని చెడిపోతుంది. డేరాకు తిరిగొచ్చాక జోకర్ తప్పంతా హార్లీ మీద నెడతాడు. ఆమె ఎదురు మాట్లాడుతుంది, అతను ఆమెను బయటికి గెంటేస్తాడు. ఈ భాగం చాలా త్వరగా గడిచిపోతుంది గానీ, ఇందులో జోకర్ కోపం ఎట్లాంటిదో గమనించాలి. పని చెడినందుకు కాదు అతని కోపం, చెడిన పనికి తాను బాధ్యుడినని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయం నుంచి వచ్చింది. మార్క్ హామిల్ గొంతు ఇచ్చిన ఆ జోకర్ ఎంత హాస్యంగా మాట్లాడినా ఆ చిన్నతనం మాత్రం దాగదు. కట్టుబట్టలతో వీధిన పడిన హార్లీ ఏడుస్తూ కూర్చోదు. తనంతట తాను ఒక దొంగతనం చేసి చూపిస్తే అతను తన విలువ తెలుసుకొని మళ్లీ పిలుస్తాడనుకుంటుంది. ఆమె స్వతంత్రంగా వేసిన మొదటి అడుగు కూడా అతని మెప్పు కోసమే వేసింది. ఆ సంగతి రచయిత మనకు నోటితో చెప్పడు, ఆమె తొందరలోనే చూపిస్తాడు.

ఇక మ్యూజియం దగ్గర జరిగేది నాకు అన్నిటికంటే ఇష్టమైన సన్నివేశం. హార్లీ తన పేరును తలపించే 'హార్లెక్విన్ వజ్రం' కోసం రాత్రిపూట లోపలికి చొరబడుతుంది. సరిగ్గా అదే రాత్రి, అదే భవనంలో, ఐవీ మొక్కల విషాలను ఎత్తుకుపోవడానికి వస్తుంది. ఇద్దరిలో ఎవరికీ రెండో మనిషి ఉన్నట్టు తెలియదు. ఒకరి పని వల్ల మోగిన అలారం ఇంకొకరి పనిని చెడగొడుతుంది, పోలీసులు చుట్టుముట్టేసరికి ఇద్దరూ ఒకే దారిలో, ఒకే కారులో పారిపోవలసి వస్తుంది. దొంగల మీద దొంగ పడ్డట్టుండే ఈ ఘట్టంలో నవ్వు పుట్టించేది అలారం కాదు, వాళ్ల పలకరింపు. ప్రాణాల మీదికి వచ్చిన సమయంలో కూడా, రచ్చబండ దగ్గర కలిసిన ఇద్దరు ఆడవాళ్ల లాగా, నీవెవరు, నీ సంగతేమిటి అని తీరుబడిగా తెలుసుకుంటారు. ఒకరికి వజ్రం, మరొకరికి విషం. ఎవరి దోపిడీ వారిదే, ఒకరి సొమ్ము మీద మరొకరికి ఆశ లేదు. దొంగల మధ్య స్నేహం కుదరడానికి అంతకంటే బలమైన పునాది ఉండదేమో.

ఐవీ ఆమెను తన ఇంటికి తీసుకుపోతుంది. ఆ ఇల్లు ఉన్నది రసాయన వ్యర్థాలు పారబోసిన నేల మీద. మామూలు మనుషులు అక్కడ ఊపిరి పీల్చి బతకలేరు కాబట్టి పోలీసులు ఆ వైపు రారని ఆమె ధీమా. ఆ విషం తనకు తగలదు, హార్లీకి తగలకుండా వెంటనే ఒక సూది మందు వేస్తుంది. చూసేవారిలో చాలామంది దీన్ని కథకు అవసరమైన చిన్న ఏర్పాటుగా భావించి దాటిపోతారు. నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగిన నేను దాటిపోలేను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తాగి, ఎముకలు వంకర్లు పోయి, నడివయసులోనే నడుము వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం మేము. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టి 'నల్లగొండ పద్ధతి' అంటారు. చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు వచ్చాక చెరువు నీళ్ల రంగు గురించి, బావుల వాసన గురించి ఊరి పెద్దలు చెప్పుకునే మాటలు కూడా విన్నాం. విషం పారిన నేల మీద ఇల్లు కట్టుకొని, కొత్తగా వచ్చిన మనిషికి అన్నం కంటే ముందు విషానికి విరుగుడు అందించే మనిషిని చూసినప్పుడు నాకు ఆమె మీద గౌరవమే కలుగుతుంది. ఆ ఇంట్లో ఐవీ ఇచ్చే మొదటి కానుక వజ్రం కాదు, నగ కాదు, ఆ నేల మీద బతికి ఉండగల శక్తి.

జోకర్ డేరాతో ఈ ఇంటిని పోల్చి చూస్తే రచయిత ఉద్దేశం బోధపడుతుంది. అక్కడ హార్లీ ఎన్ని పనులు చేసినా ఆమె పేరు ఎత్తేవారు లేరు. ఇక్కడ ఐవీ ఆమె మాటను చివరిదాకా వింటుంది, ఆమె వేసే జోకులకు చిరాకు పడుతూనే లోలోపల నవ్వుకుంటుంది, నిన్ను నీవు తక్కువ చేసుకోవద్దని పదే పదే చెబుతుంది. ఆ తరువాత ఇద్దరూ కలిసి నగరాన్ని దోచుకుంటారు. మగవాళ్లకు తప్ప ప్రవేశం లేని ఒక పెద్దమనుషుల క్లబ్ కూడా వాళ్ల జాబితాలో ఉంటుంది. పత్రికలు వాళ్లను నేరలోకపు కొత్త రాణులని రాస్తాయి. దారిలో ఒకచోట కారులో వచ్చిన పోకిరీలు ఈల వేసి వెకిలిగా మాట్లాడితే, హార్లీ, ఐవీలు ఆ కారును తుక్కుతుక్కు చేసి వెళ్లిపోతారు. మా అక్క బిడ్డ ఆ చోట చప్పట్లు కొట్టింది. రోజూ బస్టాండు నుంచి క్లాక్ టవర్ సెంటర్ దాకా నడిచి కాలేజీకి పోయే ఆడపిల్ల చప్పట్లు కొట్టడంలో వింతేమీ లేదు.

ఆ పిల్లే నన్ను ఒక ప్రశ్న అడిగింది. "మామా, వీళ్లు దొంగలే గదా, మరి నాకెందుకు వీళ్లే గెలవాలనిపిస్తున్నది?" అన్నది. "నాకు గూడ అట్లనే అనిపిస్తది బిడ్డా, ఎందుకో చెప్తా గాని ముందు మొత్తం చూడు" అన్నాను.

దొంగను ప్రేమించడం పాలమూరు, నల్లగొండ వాళ్లకు కొత్త కాదు. నిజాం కాలంలో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథను పాలమూరు వైపు కిన్నెర మీద పాడుతూ వచ్చారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆ కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ పాటల్లో సాయన్న దొంగ అయినా ధర్మం అతని పక్షాన ఉంటుంది, దొరల పక్షాన ఉండదు. అందుకే పాట వినేవాళ్లు ఏ సంకోచమూ లేకుండా అతని వైపు నిలబడతారు. హార్లీ, ఐవీలకు అటువంటి ధర్మబలం ఏదీ లేదు. వాళ్లు తమ కోసమే దోచుకుంటారు, దోచుకున్నదానితో సరదాగా బతుకుతారు. కాబట్టి సాయన్నను ప్రేమించిన కారణం ఇక్కడ పనికిరాదు. మా పిల్లకు నేను తరువాత చెప్పిన జవాబు ఇదీ: సాయన్న మీద మనకున్న ప్రేమ అతను ఊరికి చేసిన మేలు వల్ల పుట్టింది, ఈ ఇద్దరి మీద ప్రేమ వాళ్లు ఒకరికొకరు చేసుకున్న మేలు వల్ల పుట్టింది. చిన్న మేలే కావచ్చు, కానీ గోథమ్ నగరంలో ఆ మాత్రం మేలు చేసేవాళ్లు కూడా ఇంకెవరూ కనిపించరు.

ఆ మేలును పరీక్షకు పెట్టే ఘట్టం ఫోన్ కాల్. అంత స్వేచ్ఛ, అంత పేరు, అంత మంచి స్నేహితురాలు దొరికిన తరువాత కూడా హార్లీ జోకర్‌ను మరిచిపోలేదు. ఐవీ చూడని సమయంలో అతనికి ఫోన్ చేస్తుంది. ఆమె బాగున్నందుకు అతనికి సంతోషం లేదు, ఆమె పేరు పత్రికల్లో తన పేరు కంటే పెద్దగా వచ్చినందుకు కోపంతో రగిలిపోతుంటాడు. ఫోన్‌లో తీయగా మాట్లాడుతూనే ఆ కాల్ ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెడతాడు. మా అమ్మ సంభాషణలేవీ అర్థం కాకుండానే ఆ బొమ్మలో ఆ పిల్ల ముఖం చూసి, "ఇంత అయినంక మల్ల వానికే ఫోన్ జేస్తున్నదా? గా పిల్లకు ఇంక బుద్ధి రాలే" అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో ఊళ్లలో ఆమె చూసిన ఎందరి బతుకులో ఉన్నాయి. తాగి కొట్టే మొగుడి దగ్గరికి పుట్టింటి నుంచి తిరిగిపోయే ఆడబిడ్డలను, "ఈసారి మంచిగ చూసుకుంటడట" అనే మాటను మా అమ్మ తరం వాళ్లు వినీ వినీ అలసిపోయారు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. దెబ్బలు తినే స్త్రీని చూపించి నవ్వించడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. ఈ సీరియల్‌లోని కొన్ని కథల్లో ఆ గీత దాటారని నాకూ అనిపించింది. కానీ ఈ ఎపిసోడ్‌లో నవ్వు ఎప్పుడు వస్తుందో చూడండి. హార్లీ బాధపడే చోట నవ్వు రాదు. జోకర్ పత్రిక చూసి పళ్లు కొరికే చోట వస్తుంది, తాను లేకపోయినా నేరలోకం చక్కగా నడిచిపోతున్నదని తెలిసి ఉడుక్కునే చోట వస్తుంది. హాస్యం అతని అహంకారం మీద పడుతుంది, ఆమె గాయం మీద పడదు. హార్లీ బలహీనతను చూసి మనం చిన్నబుచ్చుకుంటాం గానీ ఆమెను చిన్నచూపు చూడం. అందుకు కారణం ఐవీ. ఆమె కళ్లతోనే మనం హార్లీని చూస్తాం, ఐవీ ఆమెను కోప్పడుతుందే తప్ప ఎన్నడూ హేళన చేయదు.

దుష్టుల జంటలు మన కథల్లో చాలా ఉన్నాయి. ఆదిపర్వంలో నారదుడు పాండవులకు చెప్పిన సుందోపసుందుల కథ అందరికీ తెలిసిందే. ఒకే ప్రాణంగా బతికిన ఆ ఇద్దరు రాక్షస సోదరులు తిలోత్తమ కోసం ఒకరినొకరు చంపుకున్నారు. ఐదుగురు అన్నదమ్ములు ఒకే భార్యతో బతుకుతున్నప్పుడు ఎట్లా మెలగాలో నేర్పడానికి చెప్పిన కథ అది. మూడో మనిషి రాగానే ఎంతటి జంట అయినా విడిపోతుందన్న భయం అందులో ఉంది. ఈ కార్టూన్‌లోనూ ఇద్దరి మధ్యకు మూడో మనిషి వస్తాడు, వాడు జోకర్. అయితే వాడి వల్ల ఈ ఇద్దరూ శత్రువులు కారు. హార్లీ ఫోన్ చేసి తమ ఇంటి జాడ బయటపెట్టిన తరువాత కూడా ఐవీ ఆమెను వదిలిపెట్టదు. తిట్టినా తన పక్కనే ఉంచుకుంటుంది. వేల ఏళ్లుగా మనం చెప్పుకుంటున్న కథకు ఇది విరుద్ధమైన నడక, అందుకే ఇది నన్ను ఇంతగా కదిలిస్తుంది.

బ్యాట్‌మ్యాన్ విషయం కూడా మరవకూడదు. హాస్య కథలో నవ్వని మనిషి ఒకడు తప్పనిసరిగా ఉండాలి, వాడు ఎంత గంభీరంగా ఉంటే పక్కవాళ్ల అల్లరి అంతగా పండుతుంది. బ్యాట్‌మ్యాన్‌కు గొంతు ఇచ్చిన కెవిన్ కాన్రాయ్ ఆ గంభీరతను ఎక్కడా సడలించడు. బ్యాట్‌మ్యాన్ ఆ వ్యర్థాల నేల దాకా వస్తాడు, వచ్చి ఇద్దరి చేతికీ చిక్కుతాడు. వాళ్లు అతన్ని బల్లకు కట్టేసి ఆ మురికి నీళ్లలోకి తోసేస్తారు. ఏళ్లుగా జోకర్ కలలు కన్న పనిని ఈ ఇద్దరూ మధ్యాహ్నం ఇంటిపని ముగించినంత తేలికగా చేయబోతారు. బ్యాట్‌మ్యాన్ తప్పించుకుంటాడు, తప్పించుకోకపోతే సీరియలే ముగిసిపోయేది. 2022 నవంబరులో కాన్రాయ్ కూడా వెళ్లిపోయారు. ఆ గొంతు లేని బ్యాట్‌మ్యాన్‌ను నేను ఇప్పటికీ మనస్ఫూర్తిగా అంగీకరించలేకపోతున్నాను.

జోకర్ వచ్చిన తరువాత కథ వేగం అందుకుంటుంది. కోటుకున్న పువ్వు నుంచి ఐవీ ముఖం మీద విషం చిమ్ముతాడు. అతని చేతిలో ఎందరో నవ్వుతూ చచ్చిపోయిన ఆయుధం అది. ఐవీకి ఏమీ కాదు. విషాలన్నీ ఆమెకు అలవాటే కాబట్టి చలించకుండా నిలబడి అతనికి తగిన శాస్తి చేస్తుంది. మొదట్లో సూది మందు దగ్గర మనం విని వదిలేసిన సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ వెంటనే తుపాకులు మోగుతాయి, రసాయనాలకు నిప్పంటుకుంటుంది, ఆ ఇల్లు కాలిపోతుంది. విషం మధ్యలో ఇద్దరు మనుషులు కట్టుకున్న ఒకే ఒక్క గూడు జోకర్ అసూయ వల్ల బూడిదవుతుంది. ఎపిసోడ్ ఆ నష్టం దగ్గర ఆగి కన్నీళ్లు పెట్టించదు, కానీ ఆ ఇల్లు నాకు మాత్రం గుర్తుండిపోయింది.

ఆఖరున ఇద్దరూ కారులో దూసుకుపోతూ, తమను ఏ మగవాడూ పట్టుకోలేడని సంబరపడతారు. అంతలో టైరు పేలుతుంది, కారు ఆగిపోతుంది. తుపాకీ పట్టుకొని ఎదురుగా నిలబడిన పోలీసు అధికారిణి రెనీ మోంటోయా. పట్టుకున్నది నిజంగానే మగవాడు కాదు. బ్యాట్‌మ్యాన్ పట్టుకొని ఉంటే ఈ కథ నాకు సగమే నచ్చేది. మగవాళ్ల క్లబ్‌లను దోచి, ఈల వేసినవాళ్ల కారును బద్దలు చేసి, జోకర్‌ను చావుదెబ్బ కొట్టిన ఇద్దరు ఆడవాళ్లను చివరికి ఇంకొక ఆడమనిషి, అదీ తన ఉద్యోగధర్మంగా, ఏ ఆర్భాటమూ లేకుండా పట్టుకోవడంలో ఎంత పొందిక ఉన్నదో చెప్పలేను. ఆ మోంటోయా కూడా ఈ సీరియల్ కోసమే రూపుదిద్దుకున్న పాత్ర. కామిక్ పుస్తకంలో ఆమె కొన్ని నెలలు ముందుగా కనిపించింది గానీ ఆమెను తయారు చేసింది ఈ సీరియల్ బృందమే. ఆ రకంగా ఈ కథలో బలమైన ఆడవాళ్లు ముగ్గురు, వారిలో ఇద్దరు ఈ సీరియల్ వల్లనే లోకానికి వచ్చారు.

అంతా అయిపోయాక, మతి చెడిన నేరగాళ్లను ఉంచే అర్ఖమ్ ఆసుపత్రి తోటలో ఇద్దరూ ఖైదీ బట్టల్లో కనిపిస్తారు. ఐవీ మట్టి పని చేస్తుంటుంది. పక్కన హార్లీ, ఇంత జరిగినా జోకర్ మీద ఆశ చావలేదన్నట్టు మాట్లాడుతుంది. ఐవీ గుప్పెడు మట్టి తీసి ఆమె ముఖం మీద విసురుతుంది. హార్లీ మారకపోవడం కొందరికి నిరాశ కలిగిస్తుందని విన్నాను. నాకు మాత్రం ఇదే సరైన ముగింపు. ఒక్క స్నేహంతో, 22 నిమిషాల్లో ఒక మనిషి ఏళ్ల అలవాటును వదిలేసిందంటే మా అమ్మ నమ్మదు, నేనూ నమ్మను. మట్టి విసిరిన చేతిలోని చనువును మాత్రం మేమిద్దరం నమ్ముతాం, అంత చనువుగా మట్టి కొట్టగలిగిన స్నేహితురాలు హార్లీకి మొదటిసారి దొరికిందని కూడా నమ్ముతాం.

ఈ జంటను ఆ తరువాత ఎవరూ విడదీయలేకపోయారు. 1997లో వచ్చిన 'హాలిడే నైట్స్' అనే ఎపిసోడ్‌లో బ్రూస్ వేన్‌ను, అంటే ముసుగు లేని బ్యాట్‌మ్యాన్‌ను, తమ వశం చేసుకొని అతని డబ్బుతో పండుగ బజారు చేస్తారు. 2019లో పెద్దల కోసం మొదలైన హార్లీ కార్టూన్ సీరియల్‌లో ఆ స్నేహం ప్రేమగా మారింది. ఆ సీరియల్ పిల్లలకు తగినది కాదు, అందులోని రక్తం, బూతులు చూసి మా పిల్లను దూరంగా ఉంచాను. 'హాలిడే నైట్స్' మాత్రం ఈ దసరా సెలవుల్లో అందరం కలిసి చూడాలనుకుంటున్నాం. అందులో జోకర్ ఫోన్ చేస్తాడా అని మా అమ్మ ఇప్పటికే అడిగింది.